తొలి ఐదు నిమిషాల హాస్యానికి ఏ వేదిక మేలు? విజయవాడ, గుంటూరు వాసులకు ఒక పోలిక

చదువో ఉద్యోగమో వదులుకోకుండా, విజయవాడలోనో గుంటూరులోనో ఉంటూనే ఒక్కరే మైకు ముందు నిలబడి నవ్వించే స్టాండప్ కామెడీ ప్రయత్నించాలనుకునే వారికి ఇప్పుడు దారులు చాలానే కనిపిస్తున్నాయి. ఊళ్ళో ఏదైనా కెఫేలో జరిగే ఓపెన్ మైకుకు, అంటే ఎవరైనా కొద్ది నిమిషాలు ప్రదర్శించగల కార్యక్రమానికి, పేరు ఇవ్వవచ్చు. హైదరాబాదు వెళ్ళి అక్కడి వేదికలపై ప్రయత్నించవచ్చు. ఇంట్లోనే ఫోను ముందు నిలబడి రీల్స్ చేయవచ్చు. కళాశాల వార్షికోత్సవంలోనో, అపార్ట్‌మెంటు వినాయక చవితి పందిరిలోనో పది నిమిషాలు అడిగి పుచ్చుకోవచ్చు. వక్తృత్వ క్లబ్బులోనో శిక్షణ తరగతిలోనో చేరవచ్చు. ఎటు వెళ్ళాలో తేల్చుకోలేక నెలల తరబడి నోటుపుస్తకంలో రాసుకుంటూ ఉండిపోయిన వారి కోసం ఈ పోలిక.

నా అభిప్రాయం ముందే చెబుతాను. వేదిక పెద్దదా చిన్నదా, చూసేవారు ఇరవై మందా ఇరవై వేల మందా అన్న లెక్క కొత్తవారికి అంతగా ఉపయోగపడదు. మనల్ని ఎరగని మనుషుల ముందు, అదే ఐదు నిమిషాల సరుకును (రాసుకున్న హాస్యాన్ని), తక్కువ వ్యవధిలో ఎన్నిసార్లు చెప్పి చూడగలం అన్న లెక్కే తొలి ఏడాదిలో అన్నిటికన్నా ఎక్కువ పనికివస్తుంది. కింద ప్రతి దారినీ ప్రధానంగా ఈ దృష్టితోనే చూశాను.

ఏ కొలతలతో చూడాలి

మళ్ళీ మళ్ళీ చెప్పే వీలు ఎందుకంత ముఖ్యమో ఒక ఉదాహరణతో చూద్దాం. "మా మేనమామ పెళ్ళిచూపుల్లో పిల్ల తండ్రిని బోరు ఎన్ని అడుగుల్లో పడిందని అడిగాడు" అన్న వాక్యంలో నవ్వు పుట్టవలసిన చోటు బోరు. కానీ తెలుగు వాక్యం సహజంగా క్రియతో ముగుస్తుంది కాబట్టి, అసలు మాట దాటిపోయాక కూడా "ఎన్ని అడుగుల్లో పడిందని అడిగాడు" అన్న భాగం మిగిలి ఉంటుంది. నవ్వబోయిన వారు దాన్ని వినడం కోసం ఆగుతారు, ఆగిన నవ్వు తిరిగి రాదు. అదే విషయాన్ని "మా మేనమామ పెళ్ళిచూపుల్లో ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: ఎన్ని అడుగుల్లో పడింది, మీ బోరు?" అని తిప్పితే, అడగడం ముందే పూర్తయి, నవ్వుకు అడ్డు తొలగుతుంది. ఇలాంటి లోపం కాగితం మీద కనిపించదు. మనుషుల ముందు చెప్పినప్పుడు తెలుస్తుంది. సరిదిద్దింది నిజంగా సరిపోయిందో లేదో మళ్ళీ చెప్పినప్పుడే తేలుతుంది. రెండో అవకాశం వారంలో వస్తే ఏ మాట మార్చామో గుర్తుంటుంది. మూడు నెలలకు వస్తే మళ్ళీ మొదటికే వస్తాం.

రెండో కొలత స్పందనలోని నిజాయితీ. స్నేహితులు మన మీది అభిమానంతో నవ్వుతారు, బంధువులు మన ధైర్యానికి ముచ్చటపడి చప్పట్లు కొడతారు, తోటి ప్రదర్శకులు తమ వంతు ఆలోచనలో ఉండి అసలు నవ్వరు. ఈ మూడింటిలో ఏదీ మనం రాసిన దాని మీద తీర్పు కాదు.

మూడోది భాష. కృష్ణా, గుంటూరు మాటతీరులో రాసుకున్న సరుకును అర్థం చేసుకుని ఆనందించే వారు ఎదురుగా ఉన్నారా అన్నది చూసుకోవాలి. నాలుగోది డబ్బు, సమయం, ముఖ్యంగా మరుసటి రోజు ఉదయం మన ఒంట్లో మిగిలే శక్తి. ఐదోదాన్ని కొత్తవారు చాలా అరుదుగా ఆలోచిస్తారు: ఆ రోజు బాగా జరగకపోతే, లేదా ఒక మాట ఎవరికైనా తగిలితే, దాని జాడ ఎంతకాలం మిగిలి ఉంటుంది?

| దారి | అపరిచితుల ముందు మళ్ళీ చెప్పే వీలు | స్పందన | ఖర్చు, శ్రమ | తరువాత మిగిలే జాడ |
|---|---|---|---|---|
| ఊళ్ళో ఓపెన్ మైకు | కార్యక్రమం క్రమంగా జరిగితే బాగా ఎక్కువ | చాలావరకు నిజం | తక్కువ | తక్కువ |
| హైదరాబాదు ప్రయాణం | ఒకే వారంలో ఎక్కువ, తరువాత విరామం | నిజం, కాస్త కఠినం | చాలా ఎక్కువ | తక్కువ |
| రీల్స్, షార్ట్స్ | ఒకసారి పెడితే ఆ సరుకు అయిపోయినట్టే | అంకెలు ఉంటాయి, నవ్వు వినపడదు | డబ్బు తక్కువ, సమయం ఎక్కువ | చాలా ఎక్కువ |
| కళాశాల, అపార్ట్‌మెంటు వేదిక | ఏడాదికి ఒకటి రెండు సార్లు | అభిమానం కలిసినది | దాదాపు లేదు | మధ్యస్థం |
| క్లబ్బు, శిక్షణ తరగతి | క్రమంగా ఉంటుంది, కానీ అవే ముఖాలు | మర్యాదతో కూడినది | రుసుము | లేదు |

ఊళ్ళోనే ఓపెన్ మైకు

నా దృష్టిలో మొదటి అడుగు ఇక్కడే పడాలి. ఓపెన్ మైకులో ఒక్కొక్కరికి సాధారణంగా మూడు నుంచి ఐదు నిమిషాల స్పాట్ ఇస్తారు. సమయం అయిపోవస్తోందని వెనక నుంచి ఫోను టార్చితో లైటు చూపిస్తారు. అది కనిపించాక ఉన్న మాట ముగించి దిగిపోవాలి. లైటును గౌరవించే వారిని నిర్వాహకులు మళ్ళీ పిలుస్తారు, ఎంత బాగా నవ్వించినా పది నిమిషాలు లాగేవారిని పిలవరు. మన వంతు అవగానే వెళ్ళిపోకుండా చివరి వరకు కూర్చోవడం కూడా ఇక్కడి మర్యాదలో భాగమే.

పేరు ఇచ్చేముందు నిర్వాహకులను నాలుగు విషయాలు అడగాలి. ఇది ఎన్నాళ్ళకు ఒకసారి జరుగుతుంది? ప్రదర్శకుల దగ్గర రుసుము తీసుకుంటారా, లేక ఇద్దరు ముగ్గురు స్నేహితులను వెంట తీసుకురమ్మంటారా? వినడానికి మాత్రమే వచ్చేవారు ఎంతమంది ఉంటారు? వీడియో ఎవరు తీస్తారు, అది ఎవరి దగ్గర ఉంటుంది? రుసుము తీసుకోవడం తప్పని నేను అనను, గదికీ స్పీకరుకూ ఖర్చవుతుంది. అయితే డబ్బు కట్టి ఎక్కిన వేదిక ముందు కూర్చున్న వారంతా డబ్బు కట్టిన మిగతా ప్రదర్శకులే అయితే మాత్రం అక్కడ నేర్చుకునేది చాలా తక్కువ.

చిన్న నగరాలలో ఓపెన్ మైకు అంటే తరచు కవిత, పాట, కథ, హాస్యం అన్నీ కలిసిన కార్యక్రమం. తండ్రిని పోగొట్టుకున్న బాధ మీద ఒకరు కవిత చదివి కన్నీళ్ళతో దిగిన వెంటనే హాస్యం చెప్పడానికి ఎక్కితే, ఎంత చక్కటి సెటప్ (నవ్వుకు ముందు వేసే పునాది) అయినా మునిగిపోతుంది. అందువల్ల మీ వంతును మరొక హాస్య ప్రదర్శకుని తరువాతో, విరామం అయిన వెంటనేనో పెట్టమని ముందే మర్యాదగా అడగండి. చాలామంది నిర్వాహకులు సంతోషంగా ఒప్పుకుంటారు. వారికి ఆ ఆలోచన తట్టి ఉండదు, అంతే.

గది స్వరూపం కూడా చూడాలి. తక్కువ ఎత్తు పైకప్పు, దగ్గర దగ్గరగా వేసిన కుర్చీలు, తలుపు మూసుకునే వీలు ఉంటే పదిహేను మంది నవ్వినా గది నిండినట్టు ఉంటుంది. మేడ మీద ఆరుబయట వేదికలో అదే నవ్వు గాలిలో కలిసిపోయి, ఎవరూ నవ్వలేదన్న భావన కలిగిస్తుంది. మన ఊళ్ళలో వేసవి సాయంత్రాలు మేడలు ఆకర్షణీయంగా ఉంటాయి కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. కాఫీ యంత్రం పక్కనే మైకు ఉంటే, దాన్ని గదిలో అవతలి మూలకు మార్చమని అడగడానికి మొహమాటపడవద్దు.

సొంత ఊరి ప్రేక్షకులు ఇచ్చే పెద్ద వరం, వివరణ అక్కరలేకపోవడం. బెంజి సర్కిల్ ట్రాఫిక్, ఇంటర్ హాస్టలు ఆదివారాలు, రోహిణి కార్తె ఎండ, మిర్చి యార్డు వైపు నుంచి వచ్చే ఘాటు, ఇవన్నీ ఒక్క మాటతో కళ్ళముందుకు వస్తాయి. సెటప్ సగానికి సగం తగ్గుతుంది. కానీ ఇందులోనే ఒక మోసం ఉన్నది. పేరు వినగానే వచ్చే నవ్వు గుర్తుపట్టిన ఆనందం వల్ల వచ్చినది, మన ఆలోచన వల్ల వచ్చినది కాదు. బీసెంట్ రోడ్డు అన్న మాట తీసేసి మరో ఊరి బజారు పేరు పెట్టినా ఆ వాక్యం నిలబడుతుందా అని ఇంటికి వచ్చాక పరీక్షించుకోవాలి.

మరొక విషయం నిస్సంకోచంగా చెప్పాలి. ఈ రెండు నగరాలలో ఇంటిపేరు, పేట పేరు, పార్టీ పేరు వినగానే ఎదుటివారు కులం లెక్క వేసుకుంటారు. ఒక వర్గాన్ని ఎత్తిపొడిచే మాట అనగానే గది రెండుగా చీలిపోతుంది, చీలిన గదిని ఐదు నిమిషాలలో మళ్ళీ కలపడం అనుభవజ్ఞులకు కూడా కష్టం. మీ ఇంటి గురించి, మీ భయాల గురించి, మీ పని గురించి రాసుకోవడం వల్ల ఆ చిక్కు తప్పడంతోపాటు, ఇతరులు రాయలేని సరుకు కూడా తయారవుతుంది.

క్రమంగా నడిచే గది లేకపోతే

ఊళ్ళో ఓపెన్ మైకు ఎప్పుడో ఒకసారి జరిగి ఆగిపోతూ ఉంటే, ఎదురుచూడటం కన్నా ఒక గదిని మనమే నిలబెట్టుకోవడం మేలు. ఇది వినడానికి పెద్ద పనిలా ఉంటుంది గానీ, కావలసినవి ఇరవై కుర్చీలు, ఒక స్పీకరు, ఒక మైకు, ఆరుగురు ప్రదర్శకులు, వారిని పరిచయం చేసే ఒక వ్యాఖ్యాత. ఆరుగురికి ఐదేసి నిమిషాల చొప్పున అరగంట, మధ్యలో వ్యాఖ్యాత మాటలకు పావుగంట, వెరసి గంటలోపే ముగుస్తుంది. శని, ఆదివారాలు అడిగితే చాలామంది కెఫే యజమానులు ఒప్పుకోరు. గిరాకీ పలచగా ఉండే మంగళవారమో బుధవారమో అడిగి, వచ్చిన ప్రతివారూ కనీసం ఒక టీ అయినా తీసుకుంటారని మాట ఇస్తే ఒప్పుకునే వారు మొగల్రాజపురంలోనైనా బ్రాడీపేటలోనైనా దొరుకుతారు.

విజయవాడ, గుంటూరుల మధ్య దూరం సుమారు 35 కిలోమీటర్లు, ఆర్టీసీ బస్సులు రోజంతా తిరుగుతూనే ఉంటాయి. ఒక వారం అక్కడ, మరుసటి వారం ఇక్కడ అని రెండు ఊళ్ళ వారూ మాట్లాడుకుంటే, ఒక్కో గదికి పక్షానికి ఒక్క సాయంత్రం మాత్రమే భారం పడుతుంది, ప్రదర్శకులకు మాత్రం వారం వారం అవకాశం దొరుకుతుంది. అంతేకాదు, ఒక ఊరిలో నవ్వించిన మాట పక్క ఊరిలో నవ్వించకపోతే అందులో పేరు బలం ఎంత, ఆలోచన బలం ఎంత అన్నది వారం తిరగకుండానే బయటపడుతుంది. రెండు నగరాలు ఇంత దగ్గరగా ఉండటం ఈ కళ నేర్చుకునే వారికి నిజమైన అదృష్టం. దాన్ని వాడుకోవాలని నా గట్టి కోరిక.

గది నడిపేవారు రెండు నియమాలు మొదటి రోజే పెట్టుకోవాలి. లైటు చూపాక ఎవరైనా సరే దిగాలి. ఎవరి స్పాట్ వీడియో వారికే, ఒకరి ప్రదర్శనను మరొకరు రికార్డు చేసి ఎక్కడా పెట్టకూడదు. ఈ రెండో నియమం లేని గదిలో ఎవరూ కొత్త సరుకు ప్రయత్నించరు.

హైదరాబాదు ప్రయాణం

విజయవాడ నుంచి హైదరాబాదు 65వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 275 కిలోమీటర్లు. విజయవాడ నుంచి శాతవాహన ఎక్స్‌ప్రెస్, గుంటూరు నుంచి గోల్కొండ ఎక్స్‌ప్రెస్ పగటిపూట సికింద్రాబాదు చేరుస్తాయి కాబట్టి వెళ్ళడం ఇబ్బంది కాదు, తిరిగి రావడమే ఇబ్బంది. ఓపెన్ మైకులు ఎక్కువగా సాయంత్రం ఏడెనిమిది గంటలకు మొదలవుతాయి, పైగా వారం మధ్యలోనే జరుగుతాయి. వారాంతాలను టికెట్టు పెట్టిన ప్రదర్శనలకు ఉంచుకుంటారు. అంటే ఐదు నిమిషాల కోసం ఒక పగలు సెలవు పెట్టి, రాత్రంతా బస్సులో కూర్చుని, తెల్లవారుజామున పండిట్ నెహ్రూ బస్ స్టేషనులో దిగి, అటునుంచి అటే ఉద్యోగానికి వెళ్ళాలి.

అంత శ్రమకు తగిన ఫలితం ఉంటుందా? సరైన సమయంలో వెళితే తప్పకుండా ఉంటుంది. అక్కడ ఒకే వారంలో వేర్వేరు పేటలలో వేర్వేరు గదులు నడుస్తాయి, వీలైతే ఒకే సాయంత్రం రెండు స్పాట్‌లు చేయవచ్చు. ప్రేక్షకులకు ఈ కళారూపం అలవాటు. కాల్‌బ్యాక్ అంటే ఏమిటో, ముందు చెప్పిన మాట ఎందుకు తిరిగి వచ్చిందో వారికి విప్పి చెప్పనక్కరలేదు. ఇంకా ముఖ్యంగా, మనకన్నా ఐదారేళ్ళు ముందున్న వారు కొత్త సరుకును ఎలా పరీక్షిస్తారో, పంచ్ (నవ్వు పుట్టించే మాట) పడ్డాక దాని మీద అదనపు నవ్వు మాటలైన ట్యాగ్‌లు ఎలా అల్లుతారో, నవ్వు రాకపోతే ముఖం మారకుండా తరువాతి మాటకు ఎలా వెళతారో దగ్గర నుంచి చూడవచ్చు. ఇది ఏ తరగతిలోనూ దొరకదు.

నష్టాలు కూడా అంతే స్పష్టం. చాలా గదులలో ఇంగ్లీషు, హిందీ కలిసిన భాష నడుస్తుంది, తెలుగులోనే చెప్పేవారు ముందుగా ఆ రోజు ప్రేక్షకులెవరో అడిగి తెలుసుకోవాలి. కొత్త పేరుకు తరచు జాబితా చివర చోటు దొరుకుతుంది, అప్పటికి సగం మంది లేచిపోయి ఉంటారు. ఆఖరి నిమిషంలో కార్యక్రమం రద్దయితే ఆ ఊరివారికి ఒక సాయంత్రం పోతుంది, మనకు రెండు రోజులు పోతాయి.

అందుకే తొలిసారి మైకు పట్టుకోవడానికి హైదరాబాదు వెళ్ళవద్దని నా సలహా. ఊళ్ళో పలుమార్లు చెప్పి ఐదు నిమిషాలు గట్టిపడ్డాక, వరుసగా మంగళ, బుధ, గురువారాలలో కనీసం రెండు మూడు స్పాట్‌లు ఖాయమయ్యాక, బంధువుల ఇంట్లో బస దొరికితే, అప్పుడు వెళ్ళండి. మొదటిసారి కేవలం ప్రేక్షకులుగా వెళ్ళి రెండు గదులు చూసిరావడం కూడా మంచి ఖర్చే. వెళ్ళాక అక్కడివారి మాటతీరును అనుకరించి నవ్వించాలని మాత్రం చూడవద్దు. ఒకరి యాసను నవ్వులాటగా వాడుకోవడం తెలంగాణలో ఎంతోమందిని చాలాకాలం నొప్పించిన విషయం. మన మాట మన తీరులోనే చెబితే, అది పరాయిగా వినిపించినా నిజంగా వినిపిస్తుంది.

రీల్స్, షార్ట్స్

ఇల్లు కదలకుండా చేయగలిగేది ఇదొక్కటే కాబట్టి చాలామంది ముందు ఇటే వెళతారు. యూట్యూబ్ షార్ట్స్ నిడివి 2024 అక్టోబరు నుంచి, ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ నిడివి 2025 జనవరి నుంచి మూడు నిమిషాల వరకు పెరిగింది, అంటే ఒక చిన్న ఓపెన్ మైకు స్పాట్ అంత సమయం దొరికినట్టే. నిడివి ఒకటే అయినా పని వేరు. వేదిక మీద మౌనం మన చేతిలో ఒక పనిముట్టు. పంచ్‌కు ముందు ఆగిన ఆ ఒక్క క్షణంలోనే సగం నవ్వు తయారవుతుంది. తెర మీద అదే మౌనం వచ్చిందంటే వేలు పైకి జరుగుతుంది. అందువల్ల రీల్స్ చేసేవారికి మొదటి రెండు క్షణాలలో ఆకట్టుకోవడం, ముఖకవళికలు, కత్తిరింపు బాగా వస్తాయి, ఎదుటివారి ఊపిరిని గమనించి ఆగడం రాదు. ఇవి రెండూ విలువైన నేర్పులే, ఒకటి నేర్చుకుంటే రెండోది వచ్చేస్తుందనుకోవడమే పొరపాటు.

యూట్యూబ్ స్టూడియోలో ఏ క్షణంలో ఎంతమంది వదిలేసి వెళ్ళారో చూపే గీత ఉంటుంది, శ్రద్ధగా చదివితే సెటప్ ఎక్కడ సాగిందో తెలుస్తుంది. అయితే జనం ఎక్కడ నవ్వారో ఏ అంకే చెప్పదు. పైగా వీడియోలో పెట్టిన సరుకు అంతటితో ఖర్చయినట్టే, తెలిసిన పంచ్‌కు గదిలో నవ్వు రాదు. పేరున్న ప్రదర్శకులు ప్రేక్షకులతో అప్పటికప్పుడు జరిపిన సంభాషణలనే, అంటే క్రౌడ్ వర్క్ ముక్కలనే, ఎక్కువగా ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడానికి ఒక పెద్ద కారణం ఇదే; రాసుకున్న సరుకును వారు టికెట్టు ప్రదర్శనల కోసం దాచుకుంటారు.

జాడ విషయంలో ఇది అన్నిటికన్నా బరువైన దారి. గదిలో అన్న మాటకు ముందూ వెనకా ఉంటాయి. కత్తిరించిన ఇరవై సెకన్ల ముక్కకు ఏమీ ఉండవు. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షనులో మతభావాలను ఉద్దేశపూర్వకంగా గాయపరచడాన్ని, 356వ సెక్షనులో పరువునష్టాన్ని నేరాలుగా పేర్కొన్నది. వేదిక మీది మాటకు కూడా ఇవి వర్తిస్తాయి: 2021 జనవరి తొలి రోజున ఇందౌర్‌లో స్టాండప్ హాస్య ప్రదర్శకుడు మునావర్ ఫారూఖీ, మతభావాలను గాయపరిచారన్న ఆరోపణపై అప్పటి చట్టం కింద అరెస్టయి, ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలు ఇచ్చేవరకు నెలకు పైగా జైలులో ఉన్న సంగతి తెలిసిందే. కొత్తవారు భయపడి నోరు కట్టుకోవాలని నేను చెప్పడం లేదు. మన మాటకు ఏ అర్థం వస్తుందో ఇంకా పూర్తిగా చేత పట్టుబడని దశలో, ఆ మాటను చెరపలేని చోట పెట్టవద్దని చెబుతున్నాను.

కళాశాల వేదిక, అపార్ట్‌మెంటు పందిరి

కళాశాలలో జనం ఉంటారు, ఉత్సాహం ఉంటుంది, ఖర్చు ఉండదు. కాకపోతే లెక్చరరు నడకను అనుకరించి తెప్పించిన ఈలలు ఆ ప్రహరీ దాటి బయటికి రావు. ఎలాంటి కళాశాల అన్నదాన్ని బట్టి భాష కూడా మారుతుంది. అమరావతి ప్రాంతంలోని వీఐటీ, ఎస్ఆర్ఎం వంటి విశ్వవిద్యాలయాలలో వివిధ రాష్ట్రాల విద్యార్థులు ఉంటారు కాబట్టి అక్కడ తెలుగు ఒక్కటే సరిపోదు; ఊళ్ళోని డిగ్రీ కళాశాలల్లో దీనికి సరిగ్గా ఎదురు.

అపార్ట్‌మెంటు వేదిక గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దాన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు. ఐదేళ్ళ పిల్లల నుంచి ఎనభై ఏళ్ళ పెద్దల వరకు ఒకే చోట కూర్చునే సందర్భం ఇంకెక్కడా దొరకదు. ఆ పెద్దలలో చాలామంది హరికథల్లో పిట్టకథలు, బుర్రకథల్లో హాస్యం చెప్పే వంతగాడి మాటలు విని పెరిగినవారు. బుర్రకథను దేశమంతటా తెలిసేలా చేసిన నాజర్ గుంటూరు జిల్లా పొన్నెకల్లు వారే. ఒక మనిషి ఎదురుగా నిలబడి నేరుగా తమతో మాట్లాడి నవ్వించడం వారికి కొత్త కాదు. అందువల్ల ఇక్కడ ఒక్కొక్క వాక్యంగా విసిరే చమత్కారాల కన్నా, మొదలూ చివరా ఉన్న ఒక ఇంటి కథ బాగా అందుతుంది. కథ పొడుగునా నవ్వు నిలబెట్టడం నేర్చుకోవాలనుకునే వారికి ఈ పందిరి చక్కటి బడి.

ఏర్పాట్లు మాత్రం ముందే చూసుకోండి. పాటల కోసం పెట్టిన ఎకోను మీ వంతుకు తీసేయమని సౌండు వారికి చెప్పండి, ఎకోలో పంచ్ చివరి మాట చెదిరిపోతుంది. భోజనాలు మొదలయ్యాక ఎక్కవద్దు. ఆరుబయట లౌడ్‌స్పీకర్లకు రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 వరకు నిషేధం ఉన్నది కాబట్టి, పిల్లల నృత్యాలన్నీ అయ్యాక మీకు ఇస్తామంటే ఆ సమయం అసలు రాకపోవచ్చు.

ఈ రెండు వేదికలకూ ఉన్న పెద్ద లోటు, మళ్ళీ రావడానికి ఏడాది పట్టడం. వచ్చినప్పుడు వదులుకోవద్దు, దీని మీదే ఆధారపడవద్దు.

క్లబ్బులు, తరగతులు, నాటిక

టోస్ట్‌మాస్టర్స్ వంటి వక్తృత్వ క్లబ్బుల హాస్య ప్రసంగ పోటీలో ఐదు నుంచి ఏడు నిమిషాలు మాట్లాడాలి. నాలుగున్నర నిమిషాలకు తగ్గినా, ఏడున్నర దాటినా పోటీ నుంచి తొలగిస్తారు. కాళ్ళు వణికే వారికి ఈ క్రమశిక్షణ ఎంతో మేలు చేస్తుంది. కాకపోతే అక్కడివారు ప్రోత్సహించడానికే వస్తారు కాబట్టి నవ్వు ఎప్పుడూ కొంత దయతో కూడి ఉంటుంది, ప్రసంగం చివర ఒక సందేశం చెప్పే అలవాటు కూడా అంటుకుంటుంది. స్టాండప్‌లో ఆ సందేశం చోటే చివరి పంచ్‌ది.

శిక్షణ తరగతికి డబ్బు కట్టేముందు, చివర నిజమైన ప్రేక్షకుల ముందు వేదిక ఇస్తారా అని ఒక్కటే అడగండి. ఇవ్వకపోతే ఆ డబ్బుతో ఒక గదిని నెలకు పైగా నడపవచ్చు. ఒంటరిగా నిలబడటం కన్నా బృందంతో రిహార్సలు చేయడంలో ఆనందం ఎక్కువ పొందేవారు హాస్య నాటిక వైపు చూడాలి. గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలోనూ విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలోనూ నాటకాలు చూసేవారికి ఆ సంప్రదాయం ఎంత బలమైనదో తెలుసు. క్రౌడ్ వర్క్ మీద ఆసక్తి ఉన్నవారు వీలు దొరికినప్పుడు అష్టావధానానికి వెళ్ళి అప్రస్తుత ప్రసంగం గమనించండి. పద్యం నడుమ అసందర్భపు ప్రశ్నతో ఏకాగ్రత చెడగొట్టాలని చూసే పృచ్ఛకుడికి, అతన్ని నొప్పించకుండా, సభను నవ్విస్తూ, క్షణంలో సమాధానం చెప్పి తిరిగి పద్యంలోకి వెళ్ళే అవధాని దగ్గర నేర్చుకోవలసినది చాలా ఉన్నది.

ఎవరికి ఏది

డిగ్రీ, ఇంజనీరింగ్ విద్యార్థులకు సమయం ఉంటుంది, డబ్బు ఉండదు. వారు ఊళ్ళో గదిని తమ భుజాన వేసుకోవడం ఉత్తమం, కళాశాల వేదికను అదనంగా వాడుకోవచ్చు. ప్రైవేటు ఉద్యోగంలో రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరేవారు పక్షానికి ఒక్క స్పాట్‌ను ఖాయం చేసుకుని, ఏడాదికి ఒకటి రెండు సార్లు సెలవు కలిసి వచ్చినప్పుడు హైదరాబాదు వెళ్ళడం మేలు. ప్రతి నెలా వెళ్ళాలని పెట్టుకుంటే మూడో నెలకే అలసిపోతారు.

ప్రభుత్వోద్యోగులు 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమాలను చదువుకోవాలి. ప్రభుత్వ విధానాలను బహిరంగంగా విమర్శించడం మీద అందులో ఆంక్షలు ఉన్నాయి, ప్రతిఫలం తీసుకునే ప్రదర్శనలకు అనుమతి అవసరమవుతుందేమో తమ కార్యాలయంలో ముందుగా అడగడం మంచిది. వీరికి రీల్స్ కన్నా గది, గది కన్నా అపార్ట్‌మెంటు వేదిక క్షేమం.

మహిళలకు దారి ఎంపికలో రాత్రి ప్రయాణం, వీడియోల కింద వచ్చే వ్యాఖ్యలు అదనపు బరువు. జాబితాలో మొదటి మూడు చోట్లలో ఒకటి అడగడం వారి హక్కుగా భావించాలి, నిర్వాహకులు అడగకముందే ఇవ్వాలి. ఇద్దరు ముగ్గురు కలిసి పేర్లు ఇస్తే రాకపోకలు సులువవుతాయి; ఆదివారం సాయంత్రం ఐదింటికి మొదలై ఏడింటికి ముగిసే గది పెడితే మన ఊళ్ళలో ఎంతమంది స్త్రీలు మైకు అందుకుంటారో చూడాలని నాకు ఎంతో ఆశగా ఉన్నది. నలభై దాటి మొదలుపెట్టేవారు కుర్రవాళ్ళ గదిలో వెలితిగా అనుకోవద్దు. పిల్లల పెళ్ళిళ్ళు, మోకాళ్ళ నొప్పులు, బ్యాంకు అప్పులు ఆ గదిలో ఇంకెవరి దగ్గరా లేని సరుకు.

ఏ దారిలో ఉన్నా, ప్రతిసారీ ఫోనులో శబ్దం రికార్డు చేసుకుని, మరుసటి రోజు విని, నవ్వు వచ్చిన ప్రతి చోటా కాగితం మీద గీత పెట్టుకోండి. ఒకే రకంగా చెప్పిన ఐదు నిమిషాలకు మూడు వేర్వేరు గదులలో దాదాపు అవే చోట్ల గీతలు పడితే, ఆ సరుకు హైదరాబాదు ప్రయాణానికి సిద్ధమైనట్టు. గీతలు గదిని బట్టి చోటు మారుతూ ఉంటే ఇంకా ఊళ్ళోనే పని ఉన్నట్టు. కొత్త ఐదు నిమిషాలు తయారై పాతవి చెప్పడం మానేసినప్పుడు, ఆ పాతవాటిని వీడియోగా పెట్టవచ్చు. అప్పటికి ఏ మాట ఎవరికి ఎలా తగులుతుందో మీకు తెలిసి ఉంటుంది.

కొంతకాలం ప్రయత్నించాక, తాము నవ్వించడం కన్నా ఇతరులను నవ్వించనివ్వడం తమకు ఎక్కువ ఇష్టమని తెలుసుకునేవారు ఉంటారు. వారు వ్యాఖ్యాతగా నిలబడవచ్చు. చల్లబడిన గదిని రెండు మాటలతో వేడెక్కించడం, తడబడి దిగిన కొత్తవారి తరువాత వాతావరణాన్ని తిరిగి కుదుటపరచడం, లైటు చూపడం, వచ్చే పక్షానికి జాబితా రాసుకోవడం వారి పని. విజయవాడకూ గుంటూరుకూ ఈ రోజున మంచి ప్రదర్శకుల కన్నా ముందుగా అలాంటివారు ఇద్దరేసి చొప్పున కావాలి.